తొమ్మిది సూడి ఆవులను వట్టివని రాసిన సంగతి

శాన్ ఫాబియాన్ జిల్లా పశుసంపద అధికారి, గౌరవనీయులు దొన్ బాసిలియో ఎస్కలాంతే గారి సముఖమునకు,

కొర్రియెంతెస్ రాష్ట్రం, పాసో కురుపీ గ్రామ కాపురస్తుడు, ఆవుల పెంపకందారు అయిన క్రెసెన్సియో ఒహేదా వ్రాసుకొన్న అర్జీ.

అక్టోబరు నెల, బుధవారం.

అయ్యా,

విషయం: తమరి వాత అచ్చు గల తొమ్మిది సూడి ఆవులను వట్టిపోయినవన్న ధ్రువపత్రముతో కబేళాకు పంపుట గురించి, వాటిని శుక్రవారం ఉదయం ఐదు గంటలలోపు వెనక్కి రప్పించవలెనని మనవి.

నిన్న మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు నేను తమరి కార్యాలయమునకు వచ్చితిని. గుమాస్తా శ్రీమతి సెఫెరినా గారు నన్ను బల్ల దగ్గరే ఆపినారు.

"సార్ ఇప్పుడు ఎవర్నీ కలవట్లేదు, దొన్ క్రెసెన్సియో. కాగితం రాసుకుని రండి."

"నేనమ్మా, నేను. కొంపాద్రే వచ్చాడని లోపల చెప్పండి చాలు."

"చెప్పాను. కాగితం రాసుకు రమ్మనే అన్నారు. విషయం పైన రాయండి, సంగతులకు నంబర్లు వెయ్యండి. కోపం ఏమన్నా ఉంటే మాత్రం రాయకండి, అది ఫైల్లో పట్టదు."

తమరి గది తలుపు ఓరగా తెరిచే ఉన్నది. బల్ల కింద తమరి బూట్లు నాకు కనిపిస్తూనే ఉన్నవి. ఆ బూట్లు కదలలేదు. కాబట్టి ఆమె చెప్పిన ప్రకారం నంబర్లు వేసి, కోపం తీసేసి వ్రాయుచున్నాను. ఎక్కడైనా మిగిలిపోతే అది నా చేతగానితనమే గాని మరొకటి కాదు.

1. అర్జీదారుకును తమరికిని గల పరిచయము: కార్యాలయపు రికార్డుల కోసం తెలియజేయునది ఏమనగా, తమరూ నేనూ ఒకే ఎస్టేటులో కూలికి ఆవులు తోలినవాళ్ళము. ఇరవై ఏళ్ళు ఒకే గొట్టంతో ఒకే చిప్పలో మాతే ఆకు కషాయం తాగినాము. నా కూతురు నీదియాకు జ్ఞానస్నానం చేయించిననాడు చర్చి గురువుగారి ముందు దానిని చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి తమరే. ఆ రోజు నుంచి మనం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకోలేదు, బిడ్డకు తండ్రీ జ్ఞానతండ్రీ అయిన వరసకు కొంపాద్రే అనే పిలుచుకున్నాము. ఈ అర్జీలో తమరిని అధికారి గారూ అని రాయడానికి నాకు రెండు కాగితాలు వృథా అయినవి.

2. సంతకముల గురించి: పోయిన ఏడాది ఈస్టరు దాటిన ఆదివారం, పూజ అయ్యాక, తమరు మా గుడి ఆవరణలో కుర్చీ మీద నిలబడి మాట్లాడినారు. దేశంలో మంద ఏటేటా చిక్కిపోతోందనీ, కరువుకు భయపడి అందరూ కడుపుతో ఉన్న ఆవులనే తెగనమ్ముతున్నారనీ, ఓడలకెక్కి పరదేశం పోయే మాంసమంతా మన ఆవుల కడుపులేననీ చెప్పినారు. "ఆవును అమ్మినవాడు ఒక ఆవునే అమ్మాననుకుంటాడు. అది ఈనాల్సిన ఆరు దూడల్ని కూడా అమ్మేశాడు వాడు. మూడేళ్ళు పళ్ళు బిగబట్టండి. ఆవు ఉన్నవాడిదే సంత" అన్నారు. నా పక్కనున్న ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచుకోవడం దేనికి.

తరువాత హామీ పత్రం తీసినారు. సూడి ఆవునూ పెయ్యనూ కబేళాకు పంపబోమని అందులో ఉన్నది. పంపనివారికి గడ్డి లారీ వస్తుందని ఉన్నది. ఎవరూ కదలలేదు. తమరు నా వంక చూసి, "ఏం కొంపాద్రే, మొదటి సంతకం నువ్వు పెట్టకపోతే ఇంకెవరు పెడతారు" అన్నారు. పెట్టితిని. నన్ను చూసి ఇరవై రెండు మంది పెట్టినారు. కొందరి ఇళ్ళకు నేనే కాగితం మోసుకుపోయి, వాళ్ళ మాతే తాగి, వాళ్ళ చేత పెట్టించితిని.

3. తదుపరి జరిగినది: మడుగు ఎండింది. గడ్డి లారీ ఒక్కసారి వచ్చింది, బూజు పట్టిన వరిగడ్డితో. దళారులు గుమ్మం ముందు జీపు ఆపి ఎంత చెబితే అంత ఇస్తామన్నారు, బక్కవైనా ఫరవాలేదన్నారు. నేను సంతకం చూపించి పంపేశాను. నా ముప్పై ఎనిమిది ఆవుల్లో ఇరవై మూడు మిగిలినవి. పోయినవన్నీ మడుగు నడిమి బురదలో నీళ్ళ కోసం దిగి, లేవలేక పోయినవే. తాడు కట్టి లాగాము, గుర్రం కూడా లాగింది.

ఇప్పుడు దేశంలో ఆవులు తగ్గాయి కనుక దూడ ధర ఎక్కడికో పోయిందనీ, ఇక పెంపకందారుకు పండగేననీ రేడియోలో చెబుతున్నారు. పండగ చేసుకోవడానికి దూడ ఉండాలి కదా. వారం వారం జరిగే పశువుల సంత ఇప్పుడు నెలకొక్కసారి, అది కూడా గుర్రాలు కట్టేసి పిచ్చాపాటీ మాట్లాడుకోవడానికే. మా ఊరి మాంసం కొట్టువాడు కోళ్ళు అమ్ముతున్నాడు. ఆవులు తోలే కుర్రవాళ్ళు పైన్ చెట్లు నరికే కూలికి పోయినారు. ఒకప్పటి మేత భూముల్లోనే ఆ చెట్లు.

విధవరాలు దోన్యా ఒబ్దూలియాకు ఆరు ఆవులుండేవి. నాలుగు అమ్మి ఇంటికి పైకప్పు వేయించుకుంటానని నన్నడిగింది. వద్దమ్మా, అధికారి గారు మనవాడు, నా మాట నమ్ము అన్నాను. ఆరూ బురదలోనే పోయినవి. ఆమె నా మీద అరవలేదు. పోయిన నెల గుడి మెట్ల మీద నా పక్కన కూర్చుని, మామూలుగానే చెప్పింది: "నా ఆవుల్ని కరువు చంపలేదు క్రెసెన్సియో. నీ మాట చంపింది." తమరి మాట అని నేను సరిదిద్దలేదు. అప్పటికి తమరి మీద నాకింకా నమ్మకమున్నది.

4. వివాదాస్పద పశువుల పూర్వాపరములు: జ్ఞానస్నానం జరిగిన వారానికి తమరు మా ఇంటికి ఒక ఎర్ర పెయ్యను తోలుకొచ్చి, బిడ్డకు ఇచ్చినట్టు చూపించి తిరిగి తోలుకుపోయినారు. మన వైపు ఆచారమే అది. జ్ఞానతండ్రి ఇచ్చిన పెయ్య, దాని సంతానం, ఆ సంతానపు సంతానం, అంతా బిడ్డదే. పసిబిడ్డ పేర అచ్చు రిజిస్టరు చేయరు కనుక, పెయ్య జ్ఞానతండ్రి అచ్చుతో జ్ఞానతండ్రి బీడులోనే పెరుగుతుంది. బిడ్డకు పద్దెనిమిది నిండాక అచ్చులేసే రోజున అందరి ముందూ అప్పగిస్తారు. తమరి బీడు వాగు అవతల, నీటి సౌకర్యం గలది. ఎర్ర పెయ్య అక్కడ తల్లయింది, అమ్మమ్మయింది. పుట్టిన ప్రతిదానికీ నీదియాయే ఎడమ చెవికి పిచ్చుక తోకలా గాటు పెట్టేది.

దానికి పద్దెనిమిది నిండిన ఏడు, తమరి దొడ్డి దగ్గర అందరం అచ్చులు వేస్తున్నప్పుడు, నీదియా తమరిని అడిగింది. "పెదనాన్నా, నావి నా పేర రాయించుకుంటాను. నా అచ్చు నేను గీసుకున్నాను, చూడండి" అని కాగితం తీసింది. తమరు నవ్వి, "కాగితాలు దేనికి తల్లీ, నా నోటి మాట చాలదా?" అన్నారు. అది ఇంకా ఏదో అనబోయింది. అప్పుడు నేను పదిమందిలో దాన్ని కసురుకున్నాను. "జ్ఞానతండ్రిని పత్రం అడుగుతావా, సిగ్గులేదూ" అన్నాను. అది కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఆ రోజు నేను పత్రం అడగనిచ్చి ఉంటే ఇవ్వాళ ఈ అర్జీ ఉండేది కాదు. ఈ తప్పు నాది. తమరి తప్పుల జాబితాలో దీన్ని కలపడం లేదు.

5. గర్భ నిర్ధారణ గురించి: నీదియాకు ఇప్పుడు ఇరవై రెండు. ఈ చుట్టుపక్కల ఆవు కడుపులో చెయ్యి పెట్టి నెల చెప్పగల మనిషి అదొక్కతే అని తమరే పదిమందికి చెప్పినారు. పోయిన జూనులో తమరే కబురు పెట్టి తమరి మందనంతా చూపించినారు. భుజం దాకా చెయ్యి పెట్టి రెండు రోజులు చూసింది. తన తొమ్మిదీ సూడివే, నాలుగో నెల అని చెప్పింది. తమరు పక్కనే నిలబడి నోటుపుస్తకంలో రాసుకున్నారు. నేను అక్కడే ఉన్నాను, లాంతరు గుడ్డ నేనే పట్టుకున్నాను గనుక... క్షమించవలెను, చేతులు తుడుచుకునే గుడ్డ. తప్పు పడింది, కొట్టివేయడం లేదు. కొట్టివేతలున్న అర్జీలు తీసుకోరని సెఫెరినా గారు చెప్పినారు.

6. నిన్నటి ఉదయం: నీదియా మోటారుసైకిలు టైరు పంక్చరై, హైవే పక్క టైర్ల షాపులో నిలబడి ఉంటిమి. లౌరో లారీ కూడా అక్కడే ఆగి ఉన్నది. లౌరో తమరికి తెలిసినవాడే, పశువుల లారీ నడుపుతాడు.

"ఎవరివి లౌరో?" అన్నాను.

"ఇంకెవరికున్నాయి మామా ఆవులు, ఆఫీసరు గారివి. వట్టిపోయినవంట, ఈనవంట. ఇది నాలుగో ట్రిప్పు."

"నాలుగోదా?"

"పోయిన చలికాలం నుంచి తోలుతున్నా. నీకు తెలీదా? మీరిద్దరూ ఒకటే కదా."

ఈలోగా నీదియా లారీ చక్రం మీదికెక్కి చెక్కల సందుల్లోంచి చూస్తున్నది. "పలోమా" అని పిలిచింది. లోపల ఒక ఆవు తల తిప్పింది. దాని ఎడమ చెవికి పిచ్చుక తోక గాటు, తుంటి మీద తమరి అచ్చు. నీదియా ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలిచింది. తొమ్మిదీ తిరిగినవి.

"లౌరో మామా, తలుపు తియ్యి."

"సీలు వేసుంది తల్లీ, తియ్యకూడదు."

"వట్టివి అన్నావుగా. ఇలా రా. చెయ్యి ఇక్కడ పెట్టు, డొక్క కింద."

లౌరో చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎనిమిదో నెల" అంది నీదియా. "తంతోంది చూశావా."

"నేను డ్రైవర్ని తల్లీ. కాగితంలో ఏముంటే నా లారీలో అదే ఉన్నట్టు" అని కాగితం చూపించాడు. తొమ్మిది ఆవులు, వట్టిపోయినవి. అమ్మకందారు సంతకం: బాసిలియో ఎస్కలాంతే. ధ్రువీకరించిన అధికారి సంతకం: బాసిలియో ఎస్కలాంతే. రెండు సంతకాలూ ఒకే ఇంకు.

లారీ పోయాక నీదియా మోటారుసైకిలు తోసుకుంటూ మూడు కిలోమీటర్లు నడిచింది. టైరు అప్పటికే బాగయింది, ఎక్కి పోవచ్చు. నేనూ వెనకే నడిచాను.

7. నా అనుమానములు: సెఫెరినా గారు అనుమానములు రాయకూడదన్నారు గాని, ఏడో నంబరు వేసేశాను. నలభై ఏళ్ళుగా ఎరిగిన మనిషి, మా అందరినీ ఆవులు పట్టుకుని కూర్చోబెట్టి తన ఆవులను ఎందుకు తోలుకుపోయాడు? మేమంతా అమ్మకుండా ఆగితే వాటికి ధర పెరుగుతుందనా? కుర్చీ మీద నిలబడి మాట్లాడినప్పుడే ఈ ఆలోచన ఉన్నదా, లేక తరువాత పుట్టిందా? మూడు ట్రిప్పులూ సొంతవి తోలాక, నాలుగోదానికి నీదియావే మిగిలినవా? ఆ పిల్ల చెయ్యి పెట్టి చెప్పిన నెలలను తమరు ఆ నోటుపుస్తకంలో ఏం చేసినారు, పేజీ చించినారా? కొంపాద్రే, డబ్బుకు ఇబ్బందిగా ఉందని ఒక్క మాట అని ఉంటే నా ఇరవై మూడూ నేనే నీ ఇంటికి తోలుకొచ్చేవాణ్ణి. దేవుడి మీద ఒట్టు. ఇది అనుమానం కాదు కనుక రాయవచ్చుననుకుంటాను.

8. సమయాభావము: కబేళా ఒకప్పుడు ఆదివారం తప్ప రోజూ నడిచేది. ఇప్పుడు పశువులు లేక సోమవారం, శుక్రవారం మాత్రమే నడుస్తున్నది. దేశంలో మంద చిక్కిపోవడం వల్ల నాకు కలిగిన మేలు ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. మంగళవారం దింపిన ఆవులు శుక్రవారం ఉదయం ఐదు దాకా దొడ్డిలో నిలబడి ఉంటవి. ఈలోగా అమ్మకందారు సంతకంతో కాగితం వెళితే వెనక్కి ఇస్తామని కబేళా దొడ్డి మేస్త్రీ నీదియాకు చెప్పినాడు. నీదియా ఇప్పుడు అక్కడే ఉన్నది. నీళ్ళు పెడుతున్నది.

కావున తమరిని వేడుకొనునది:

(అ) తమరు అమ్మకందారు హోదాలో ఒక్క సంతకం చేసి ఆ తొమ్మిదింటిని వెనక్కి పంపించవలెను. లారీ నేను తెచ్చుకుంటాను. అవి మా ఇంటికి రాకపోయినా ఫరవాలేదు, తమరి బీడుకే పోనివ్వండి. ఈనితే చాలు.

(ఆ) అది వీలుపడనిచో, ఒక్క అరగంట తమరి గది తలుపు తీయించవలెను. నేను అరవను. కూర్చుంటాను.

(ఇ) అచ్చులను గురించిన ఫిర్యాదులన్నీ నిబంధన ప్రకారం తమరికే ఇచ్చుకోవలసి ఉన్నందున, తమరి మీది ఫిర్యాదు తమరికే ఇచ్చుకొంటున్నాను. దీనిపై విచారణ జరిపించవలసినదని తమరినే కోరుచున్నాను.

నా భార్య ఎర్మెలిందా ఈ అర్జీ రాయవద్దన్నది. "రాయకపోతే ఆయన ఇంకా మన కొంపాద్రేనే. రాశావంటే ఇక ఆఫీసరే, మళ్ళీ మనిషి కాడు" అన్నది. ఆవులు ఎనిమిదో నెలలో ఉన్నవి గనుక ఆమె మాట వినలేదు.

తమరు ఈ తొమ్మిది ప్రాణులనూ, వాటి లోపలున్నవాటినీ దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, మంగళవారం ఉదయం వరకు ఏ సందేహమూ లేకుండా,
క్రెసెన్సియో ఒహేదా

తా.క. (బుధవారం ఇచ్చిన అర్జీకి జతపరచవలసినది. శుక్రవారం మధ్యాహ్నం.)

నిన్న గురువారం సెఫెరినా గారు నా నకలు మీద 'పరిశీలనలో ఉన్నది' అని ముద్ర వేసి ఇచ్చింది. ఇస్తూ నా మొహం చూడలేదు. "ఆయన చదివారు దొన్ క్రెసెన్సియో, మొత్తం చదివారు" అని మాత్రం అంది. చదివావన్నమాట. చదవలేదంటే బాగుండేది.

ఇవాళ ఐదున్నరకు మొదలుపెట్టారు. నీదియా కంచె దగ్గరే ఉంది. రమ్మంటే రాలేదు. పలోమా పిల్లను చూసి కంచె దాకా వచ్చిందట, అందుకని అదే ముందు దొరికిందట. ఈ సంగతి నీదియా చెప్పలేదు, మేస్త్రీ చెప్పాడు.

అక్కడ మాంసం పరీక్షించే డాక్టరు గారు ఒకాయన ఉన్నాడు, ఆ వృత్తిలో తల నెరిసినవాడు. నీదియా ఆయన దగ్గరికి పోయి ఒక్కటే అడిగింది: "లోపల ఏముందో చూసింది చూసినట్టు రాసివ్వండి." ఆయన రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. కార్యాలయపు మొహమాటం ఆయనకు లేదు కాబోలు. ఆ చీటీ దీనికి జతచేశాను. నకలు గుడి తలుపుకు అంటించాను, నువ్వు కుర్చీ వేసుకున్న చోటికి ఎదురుగా. ఒబ్దూలియా వచ్చి చదివించుకుంది. సంతకం పెట్టిన మిగతా ఇరవై ఒక్క మందీ సాయంత్రానికి చదువుతారు. సోమవారం నుంచి వాళ్ళు తమ ఆవులను ఎక్కడికి తోలుకుపోతారో, తోలవద్దని చెప్పడానికి ఇక నాకు నోరు లేదు. నీకుంటే వచ్చి చెప్పు.

పిల్ల ఇంటికొచ్చి పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ కూర్చుంది. చాలాసేపు కడిగింది. "మగవి నాలుగు, ఆడవి ఐదు నాన్నా" అంది.

నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. నీ నుంచి నాకు సంతకం అక్కర్లేదు, అరగంటా అక్కర్లేదు. ఒక్క పని మాత్రం నీ ఉద్యోగమే గనుక చెయ్యి. దేశపు మంద లెక్క రాసే పుస్తకం నీ బల్ల మీదే ఉంటుంది. అందులో నీ అచ్చుకు ఎదురుగా ఇవాళ తొమ్మిది తగ్గించి ఉంటావు. పద్దెనిమిది తగ్గించు, బాసిలియో.